కొట్టేసిన గీతలు

మొన్న భోగికి ముందురోజు మా ఇంట్లో ట్రంకుపెట్టె అటకమీంచి కిందికి దిగింది. ఏడాదికొక్కసారి దానికి ఆ యోగం పడుతుంది. ‘ఈసారి ఇందులో ఉన్న చెత్తంతా మంటలో వేసెయ్యాలి’ అని మావారు ఏటా అంటారు. నేనూ ‘ఊఁ’ అంటాను. తీరా పెట్టె తెరిచాక ఒక్కో కాగితమే తీసి, చదివి, దులిపి, మళ్ళీ అందులోనే పెట్టేస్తాం. విరిగిన పీటలూ, పాత తట్టలూ మంటకి ఆహుతైపోతాయి గాని కాగితాలకి మాత్రం ఆయుర్దాయం గట్టిది.

ఈసారి అడుగున ఒక శుభలేఖ దొరికింది. ఎవరి పెళ్ళిదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. దాని వెనకవైపు పెన్సిలుతో మా ఇంటి ప్లాను గీసి ఉంది. గీసింది మామగారు. ఆయన దస్తూరీ నాకు బాగా తెలుసు. వంటింటి కిటికీ మొదట పడమటివైపు గీశారు. దాన్ని చెరిపి తూర్పుకి మార్చారు. పక్కనే చిన్న అక్షరాలతో ‘ఆవిడ మాట’ అని రాసుకున్నారు. నాకెంత సంబరమేసిందో! పాతికేళ్ళుగా పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ నేను అనుభవిస్తున్న ఆ ఎండా, ఆ గాలీ మా అత్తగారి చలవేనన్నమాట! ఇంకొక సంగతి కూడా ఉంది. వంటింటిని ఆనుకుని ఒక చిన్న గది. అందులో ‘అక్కయ్య’ అని రాసి ఉంది. దానిమీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. ఇప్పుడు మా ఇంట్లో ఆ గది లేదు.

“మునిసిపాలిటీ వాళ్ళ ముద్రపడిన అసలు ప్లాను బీరువాలో భద్రంగా ఉంది కదా. ఈ చిత్తుకాగితం ఎందుకూ?” అన్నారు మావారు.

మాటవరసకి అన్నా అది సామాన్యమైన ప్రశ్న కాదు. మనిషి తేల్చి చెప్పిన మాట ఒకటుంటుంది. తేల్చేలోపల అనుకుని, దిద్దుకుని, వద్దనుకుని కొట్టేసిన మాటలు వంద ఉంటాయి. ఏది దాచాలి? కొట్టేసిన గీతని దాచిపెట్టడం న్యాయమా, అన్యాయమా? ఆ శుభలేఖ చేతిలో పట్టుకునే ఆలోచనలో పడ్డాను. అప్పుడు నాకు గుర్తొచ్చినవాడు లూయీ కాన్.

ఆయన అమెరికాలో పేరుమోసిన ఆర్కిటెక్టు. 1901లో ఎస్తోనియాలో, అప్పటికది రష్యా చక్రవర్తి ఏలుబడిలోది, ఒక బీద యూదు కుటుంబంలో పుట్టాడు. మూడేళ్ళ వయసులో నిప్పుకణికల వెలుగు చూసి ముచ్చటపడి దగ్గరికి వెళ్ళాడు. ముఖం కాలింది. ఆ మచ్చలు జన్మంతా ఉండిపోయాయి. తరవాత కుటుంబం ఫిలడెల్ఫియా చేరింది. పెన్సిళ్ళు కొనే స్తోమతు లేక కాలిన పుల్లలతో బొమ్మలు గీసేవాడని చెబుతారు. చిత్రమేమిటంటే, పెద్దవాడై ప్రపంచప్రసిద్ధి పొందాక కూడా ఆయనకి ఇష్టమైన సాధనం ఆ బొగ్గే. పల్చటి పసుపుపచ్చ ట్రేసింగ్ కాగితం పరిచి బొగ్గుతో గీసేవాడు. నచ్చకపోతే చేత్తో తుడిచేసేవాడు. దానిమీద ఇంకొక కాగితం వేసి, కింది గీతల్లో ఉంచవలసినవి ఉంచి మిగిలినవి వదిలేసి మళ్ళీ గీసేవాడు. ఒక్కొక్క కట్టడానికి ఇలా పొరలు పొరలుగా కాగితాలు పోగుపడేవి.

పేరు ఆయనకి ఆలస్యంగా వచ్చింది. యాభై దాటాక, 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో చిత్రశాల కట్టాకే లోకం ఆయనవైపు తిరిగి చూసింది. ఆ తరవాత కాలిఫోర్నియా సముద్రతీరాన సాల్క్ పరిశోధనాలయం, టెక్సాస్‌లో కింబెల్ మ్యూజియం, ఢాకాలో శాసనసభా భవనం, మన అహమ్మదాబాదులో ఐ.ఐ.ఎం. అవన్నీ రాకముందు, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఇల్లు గడిచింది భార్య ఎస్తర్ జీతంతో. ఆవిడ వైద్య పరిశోధనశాలలో పనిచేసేది. ఏ చరిత్రలో చూసినా ఇలాంటి సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. నెలాఖరున ఆ జీతంతో సంసారం ఈదినవాళ్ళకి గదా అది ఎంత పెద్ద వాక్యమో తెలిసేది!

1974 మార్చి 17న అహమ్మదాబాదు నుంచి తిరిగివస్తూ, న్యూయార్కు రైల్వేస్టేషన్లో గుండె ఆగి పోయాడు. వయసు 73. ప్రపంచమంతా పేరు తెలిసిన మనిషి శవం రెండు రోజులు అయినవాళ్ళెవరూ లేకుండా పడి ఉంది. పాస్‌పోర్టులో ఇంటి చిరునామా కొట్టేసి ఉందట. పోలీసులు ఆఫీసుకి కబురు పెట్టారు. ఆదివారం నాడు ఆఫీసులో ఎవరుంటారు?

ఆయన ఆస్తిపాస్తులు లెక్క తేలిస్తే దాదాపు 5 లక్షల డాలర్ల అప్పు కనిపించింది. గీసిందే మళ్ళీ గీయడం, ఆ దిద్దడం పూర్తయ్యేదాకా పని ముగియకపోవడం ఆయన అలవాటు. అలాంటి మనిషికి లెక్కలు ఎక్కడ కుదురుతాయి? మిగిలినవి కాగితాలే. ఆయన స్వహస్తంతో గీసిన బొమ్మలే ఆరువేల పైచిలుకు. ఆఫీసులో తయారైనవి కలుపుకుంటే దానికి ఎన్నో రెట్లు. విడివిడిగా అమ్మితే ఒక్కో కాగితం ఒక్కో ధనవంతుడి హాలు గోడకెక్కేది. అప్పులు తీరేవేమో గాని ఆ పొరల వరస ఎప్పటికీ చెదిరిపోయేది. అలా కాకుండా అన్నీ ఒకచోట ఉండాలని ఆయన దగ్గర పనిచేసినవాళ్ళూ, స్నేహితులూ పట్టుబట్టారు. చివరికి పెన్సిల్వేనియా రాష్ట్రప్రభుత్వం 4,50,000 డాలర్లు మంజూరు చేసి ఆ కాగితాలన్నీ కొనేసింది. వాటిని ఆయన చదువుకుని, తరవాత పాఠాలు చెప్పిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉంచింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 1987లో ఆయన చేతిబొమ్మలు ఏడు సంపుటాలుగా అచ్చయ్యాయి.

మన ఇళ్ళల్లో అప్పు తీర్చాలంటే నగలు తీస్తాం. అక్కడ అప్పు తీర్చినవి చిత్తుకాగితాలు.

సరే, ఆ చిత్తుకాగితాల్లో ఏముందీ అంటారా? కట్టినవే కాదు, కట్టనివి కూడా ఉన్నాయి. సాల్క్ పరిశోధనాలయం చూసినవాళ్ళు రెండు భవనాల మధ్య ఉన్న ఆవరణ గురించే ముందు చెబుతారు. చెట్టూ చేమా ఏమీ లేదు. రాతి పరుపు, మధ్యన సన్నటి నీటిపాయ, అది చూపించేది నేరుగా సముద్రాన్ని. అయితే మొదటి ఊహలో అక్కడ చెట్లున్నాయి, తోట ఉంది. 1966లో మెక్సికో నుంచి బరగాన్ అనే ఆర్కిటెక్టు వచ్చి చూసి, ఇక్కడ ఒక్క చెట్టు కూడా వద్దు, ఆకాశానికి వదిలెయ్యండి అని సలహా ఇచ్చాడు. కాన్ విన్నాడు. ఆ ఖాళీ ఇప్పుడు ఆ కట్టడానికే ప్రాణం. లేని చెట్లు కాగితాల్లో మిగిలాయి. కట్టడాన్ని చూస్తే ఆయన గొప్పవాడనిపిస్తుంది. కాగితాలు చూస్తే, గొప్పవాడు కూడా ఇంకొకరి మాట విన్నాడని తెలుస్తుంది. రెండోది తెలుసుకోవడం మనబోటివాళ్ళకి ఎక్కువ ఉపయోగం అని నా ఉద్దేశం.

ఇంకొకటి. న్యూయార్కులో రూజ్‌వెల్ట్ స్మారకంగా ఒక ఉద్యానవనానికి ఆయన ప్లాను గీసి చనిపోయాడు. డబ్బు లేక అది ఆగిపోయింది. ఆ బొమ్మలు ఏ భోగిమంటలోనూ పడలేదు కాబట్టి, 2012లో, గీసినవాడు పోయిన 38 ఏళ్ళకి, అది రాయై లేచి నిలబడింది.

ఇంతవరకూ దాచినవాళ్ళదే న్యాయం అనిపిస్తుంది. అయితే చిక్కు ఇక్కడినుంచి మొదలు.

కాన్ చనిపోయినప్పుడు పత్రికల్లో వచ్చిన వార్తలో భార్యా, ఒక కూతురూ ఉన్నారని రాశారు. అది శుద్ధప్రతి. చిత్తుప్రతిలో ఇంకా మనుషులున్నారు. యాన్ టింగ్ అని ఒకావిడ ఉంది. 1944లో హార్వర్డులో ఆర్కిటెక్చరు చదువు పూర్తిచేసిన తొలి ఆడపిల్లల్లో ఒకరు. మరుసటేడు కాన్‌తో కలిసి పనిలో చేరింది. లెక్కలూ ఆకారాలూ ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. 1955లో ట్రెంటన్ దగ్గర కట్టిన స్నానశాల చిన్నదే గాని, తన దారి తనకి దొరికింది అక్కడేనని కాన్ చెప్పుకునేవాడు. నాలుగు చదరపు గదులు, వాటిమీద నాలుగు పిరమిడ్ కప్పులు. ఆ ఆలోచన తనదేనని యాన్ తరవాత చెప్పింది, చరిత్రకారులూ ఆవిడ వాటా ఒప్పుకున్నారు. ఆవిడకి కాన్‌వల్ల ఒక కూతురు. లోకం నోటికి జడిసి 1953లో రోముకి వెళ్ళిపోయింది, పాప 1954లో అక్కడే పుట్టింది. అప్పుడు కాన్ రాసిన ఉత్తరాలు ఆవిడ దాచుకుని, 1997లో పుస్తకంగా వేసింది. తోటల రూపశిల్పి హ్యారియట్ పాటిసన్ ఇంకొకావిడ. ఆవిడకి ఒక కొడుకు, నతానియెల్. తండ్రి పోయేనాటికి వాడికి పదకొండేళ్ళు. ఆ వార్తలో తన పేరు కోసం వెతుక్కున్నాడు, లేదు. పెద్దవాడయ్యాక తండ్రి కట్టిన భవనాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగి, 2003లో ‘మై ఆర్కిటెక్ట్’ అని సినిమా తీశాడు. తండ్రి కోసం వెతకడానికి ఇళ్ళ చుట్టూ తిరగవలసి వచ్చింది ఆ కుర్రవాడికి!

పాస్‌పోర్టులో కొట్టేసిన చిరునామా చూడండి. అది ఒక్క గీత. ఆయన ఆ ఇల్లు వదిలి మా దగ్గరికి వచ్చేద్దామనుకున్నాడని హ్యారియట్ నమ్మింది. ఎస్తర్ ఆ మాట ఒప్పుకోలేదు. ఒకరికి ఆ గీత ఆశ, ఇంకొకరికి అది అవమానం. గీసినవాడు చెప్పడానికి లేడు. కొట్టేసిన గీతలు అలాంటివి. వాటికి నోరుండదు, చూసేవాళ్ళ గుండెల్లో ఉన్నదే వాటి అర్థం.

అందుకే కొందరంటారు: కొట్టేశాడంటే వద్దనుకున్నాడనేగా? మనిషి వద్దనుకున్న దాన్ని దాచి, నలుగురికీ చూపించే హక్కు మనకెక్కడిది? ‘ఇంటిగుట్టు లంకకి చేటు’ అని ఊరికే అన్నారా? ఈ మాటలో బలముంది. చనిపోయినవాడి పరువు సంగతి అలా ఉంచండి, బతికున్న ఎస్తర్ సంగతేమిటి? ఆవిడ జీతంతో ఆ బొగ్గుముక్కలు కొన్నారు. ఆ కాగితాల్లో ఇంకొకావిడ ఆలోచన ఉందని రుజువైనప్పుడల్లా ఈవిడ మనసు ఎలా ఉండి ఉంటుంది?

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. దాచిన కాగితం కొన్నాళ్ళకి శాసనమై కూర్చుంటుంది. ఢాకా శాసనసభ పని 1961లో, పాకిస్తాను కాలంలో మొదలైంది. మధ్యలో యుద్ధం వచ్చి దేశమే మారిపోయింది. కాన్ పోయిన ఎనిమిదేళ్ళకి, 1982లో పూర్తయింది. ఆ ఆవరణలో తరవాత్తరవాత కట్టడాలు వచ్చాయి, ఒక మాజీ అధ్యక్షుడి సమాధి కూడా వచ్చింది. 2016లో అప్పటి ప్రభుత్వం పెన్సిల్వేనియా నుంచి కాన్ బొమ్మల నకళ్ళు తెప్పించి, ప్లానులో లేనివి తీసేస్తాం అంది. పేరుకి ఆర్కిటెక్చరు, లోపల రాజకీయం. పాపం, ఆ బొగ్గుగీతలు ఎవరి తగాదాలో సాక్ష్యం చెప్పవలసి వచ్చింది!

అహమ్మదాబాదులో సరిగ్గా తలకిందులు. 2020 చివర అక్కడి ఐ.ఐ.ఎం. వారు కాన్ కట్టిన విద్యార్థుల వసతిగృహాలు 18లో 14 కూలదోసి కొత్తవి కడతామన్నారు. కప్పునుంచి పెచ్చులు ఊడిపడుతున్నాయి, పిల్లల ప్రాణాలకి ముప్పు అన్నారు. ప్రపంచం నలుమూలలనుంచీ గగ్గోలు లేచింది. కొద్దిరోజుల్లోనే ఆ నిర్ణయం ఆపుకున్నారు. గగ్గోలు పెట్టినవాళ్ళది తప్పని నేననను. అలాంటి కట్టడం మళ్ళీ రాదు. కాని ఆ గదుల్లో పడుకున్న పిల్లల తల్లుల్నీ ఒక మాట అడగాలి గదా! కాగితంమీద వాన కురవదు. ఇంటిమీద కురుస్తుంది. ఆ తేడా ఇల్లు చూసుకునేవాళ్ళకి తెలిసినంతగా బొమ్మలు చూసేవాళ్ళకి తెలియదు.

మరైతే తేలిందేమిటి? దాచాలా, కాల్చాలా?

నాకు తోచింది చెబుతాను. చిత్తుకాగితం చేసే మేలు ఒకటే, అది శుద్ధప్రతిలో పడిపోయిన పేర్లు తిరిగి పలుకుతుంది. అచ్చయ్యే పేరు ఒకటే ఉంటుంది. రాతిమీద చెక్కేదీ ఒకటే. ఆ ఒక్క పేరు కింద ఎంతమంది చేతులు పడ్డాయో చెప్పగలిగింది ఆ తుడిచిన మరకలూ, ఆ దిద్దిన గీతలే. ఇప్పుడు యాన్ టింగ్ కాగితాలు కూడా అదే విశ్వవిద్యాలయంలో ఆవిడ పేరుతోనే ఉన్నాయి. సంతాపవార్తలో చోటు దొరకనివాళ్ళకి కాగితాల గదిలో చోటు దొరికింది. అది న్యాయమే. అయితే ఆ కాగితాన్ని చూసి ‘ఇలాగే ఉండాలి’ అని బతికున్నవాళ్ళని శాసించడం తప్పు. సాక్షిగా ఉంచుకోవాలి గాని, యజమానిగా కాదు. గీసినవాడే నాలుగుసార్లు మనసు మార్చుకున్నప్పుడు, నలభై ఏళ్ళ తరవాత మనం మార్చుకోకూడదా?

ఇలా తీర్పు చెప్పుకుని, ఆ ధీమాతో శుభలేఖ పట్టుకుని మా అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. వసారాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

“చూశారా అత్తయ్యగారూ! వంటింటి కిటికీ మీ మాటమీద మార్చారట. మామగారే రాసుకున్నారు. ఇల్లు కట్టిన పేరు ఆయనదీ, మేస్త్రీదీ. మీ చెయ్యి ఉందని ఇన్నాళ్ళూ ఎవరికైనా తెలుసా?” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. కిటికీ చూసి నవ్వారు. తరవాత వేలు పక్కకి జరిగింది. ఎర్రగీత దగ్గర ఆగింది.

మామగారి అక్కగారు బాలవితంతువు. ఈ ఇంట్లో ఆవిడకో గది ఉండాలనుకున్నారని మాకెవరికీ తెలియదు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆవిడ హాల్లో ఓ మూల చాప పరుచుకుని పడుకునేవారు. అలాగే పోయారు. సొంత అక్కకి ఒక గది వెయ్యలేకపోయారని బంధువులు మామగారినే అనేవారు. ఆయన ఎన్నడూ బదులు చెప్పగా వినలేదు.

“ఈ గీత ఆయన గీసింది కాదే అమ్మాయ్. నేనే కొట్టేయించాను. వంటిల్లు పెద్దది కావాలన్నాను. ఆ గది ఉంటే కిటికీకి చోటు లేదుగా!” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆ కిటికీకి ఆవిడ పేరు పెట్టాలని నేను తొందరపడ్డాను. ఆ పేరుతోపాటు ఇంకేం వస్తుందో ఆలోచించలేదు. గీతలో మాకు వాటా ఉంది అని అడగడం మన హక్కే. కాని వాటా అంటే లాభంలోనే ఉండదు. కొట్టివేతలో కూడా మన చెయ్యి ఉంటే అదీ ఒప్పుకోవాలి. గొప్పవాళ్ళైన మగవాళ్ళ వెనక మరుగునపడ్డ ఆడవాళ్ళని వెలికితీస్తున్నాం అనుకుంటాం గాని, వెలుగులోకి వచ్చినవాళ్ళు దేవతలై ఉండాలని ఎక్కడుంది? మనుషులై ఉంటే చాలదూ?

“పోనీ ఇది మంటలో వేసెయ్యమంటారా?” అని మెల్లిగా అడిగాను. నా తీర్పంతా అప్పటికే గాలికి పోయింది. ఆవిడ వేసెయ్యమంటే వేసేసేదాన్నే.

ఆవిడ చాలాసేపు చిక్కుళ్ళవైపే చూస్తూ కూర్చున్నారు.

“వద్దులే. ఉండనీ. ఇన్నాళ్ళూ ఆ నింద ఆయనే మోశారు. ఎవరైనా అడిగితే చూపించు” అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున భోగిమంట వేశాం. విరిగిన పీట వేశాం, పాత చేట వేశాం. శుభలేఖ మాత్రం బీరువాలో, మునిసిపాలిటీ ముద్రపడిన ప్లాను పక్కనే పెట్టాను. ఇదేమిటని మావారు అడగలేదు. వసారాలో మాటలు ఆయన చెవినపడ్డాయి కాబోలు.